వర్క్‌ఫ్లో అప్లికేషన్‌లో లాగ్: పని జరిగిన ట్రాన్సాక్షన్‌లోనే పద్దు పడాలి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. కొనుగోలు దరఖాస్తులు నాలుగు అంచెల్లో ఆమోదం పొందే అప్లికేషన్ మీది. ప్రతి అడుగునూ డేటాబేస్‌లో ఒక లాగ్ టేబుల్‌లో రాస్తున్నారు. కొన్ని దరఖాస్తులు ‘ఆమోదించబడింది’ అనే స్థితిలో ఉన్నా, ఎవరు ఆమోదించారో లాగ్‌లో లేదు. మరికొన్నిటికి లాగ్‌లో ఆమోదం ఉంది కానీ దరఖాస్తు పాత స్థితిలోనే ఉంది. ‘మెయిల్ సర్వర్ స్పందించలేదు’ వంటి సందేశాలు కూడా అదే టేబుల్‌లో పడుతున్నాయి. టేబుల్ 4 కోట్ల రికార్డులు దాటింది, దరఖాస్తు చరిత్ర పేజీ తెరుచుకోవడం లేదు. లాగ్ రాయడాన్ని క్యూలోకి (వరుసలో వేచి ఉండే పనుల జాబితాలోకి) పంపి, వెనక నడిచే ప్రోగ్రాంతో రాయిస్తే లాగ్‌కూ స్థితికీ పొసగకపోవడం, పేజీ తెరుచుకోకపోవడం అనే ఈ రెండు బాధలూ పోతాయా అని మీ ప్రశ్న.

పోవు. మొదటి బాధ ఇంకా ముదురుతుంది, రెండోది అలాగే ఉంటుంది. మీ లాగ్ టేబుల్ రూపకల్పనలో మార్చవలసినవి చాలా ఉన్నాయి కానీ, అన్నిటికంటే ముందు సరిచేయవలసింది ఒక్కటే: దరఖాస్తు స్థితి మారడం, ఆ మార్పు లాగ్‌లో పడడం ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. ట్రాన్సాక్షన్ అంటే డేటాబేస్ పనుల కట్ట; అందులోని పనులన్నీ కలిసి జరుగుతాయి, లేదా ఏదీ జరగదు.

ఇప్పుడు మీ కోడ్‌లో ఏం జరుగుతోందో మీరిచ్చిన లక్షణాలే చెబుతున్నాయి. ఒకచోట స్థితిని మార్చి కమిట్ చేశాక, అంటే మార్పును ఖాయం చేశాక, లాగ్ ఫంక్షన్‌ను పిలుస్తున్నారు. ఆ రెండింటి మధ్య సర్వర్ ఆగిపోతే, లేదా లాగ్ ఇన్సర్ట్ (కొత్త రికార్డు చేర్చడం) విఫలమై ఆ లోపాన్ని ఎవరో పట్టుకుని మింగేస్తే, స్థితి మారుతుంది, ఆధారం మిగలదు. మరోచోట ముందు లాగ్‌ను వేరే కనెక్షన్ మీద రాసి, తర్వాత స్థితి మారుస్తున్నారు. ఆ మార్పు రోల్‌బ్యాక్ అయితే, అంటే డేటాబేస్ దాన్ని వెనక్కి తిప్పేస్తే, జరగని ఆమోదానికి సాక్ష్యం మిగిలిపోతుంది. రెండోది మరీ ప్రమాదకరం. లేని సమాచారాన్ని వెతుక్కోవచ్చు. తప్పు సమాచారాన్ని జనం నమ్మేస్తారు.

పాత లెక్కల పుస్తకాల్లో చిట్టా, ఆవర్జా అని రెండు ఉండేవి. జరిగింది జరిగినట్టు, జరిగిన వరుసలో చిట్టాలో పడేది. ఏ ఖాతా ఎక్కడ నిలిచిందో ఆవర్జా చూపేది. మీ దరఖాస్తు టేబుల్ ఆవర్జా, లాగ్ టేబుల్ చిట్టా. చిట్టాలో లేని పద్దు ఆవర్జాలోకి ఎక్కకూడదు. చిట్టాలో తప్పు పడితే చెరపరు, దానికి ఎదురు పద్దు రాస్తారు. వర్క్‌ఫ్లో లాగ్‌కు కావలసిన నియమాలు దాదాపు అన్నీ ఈ రెండు మాటల్లోనే ఉన్నాయి. పొరపాటున ఇచ్చిన ఆమోదాన్ని వెనక్కి తీసుకుంటే పాత పద్దును మార్చవద్దు, తొలగించవద్దు. ‘ఆమోదం రద్దు’ అని కొత్త పద్దు వేయండి, అది ఏ పద్దును రద్దు చేస్తోందో అందులో రాయండి.

‘ఒకే ట్రాన్సాక్షన్ అయితే నెమ్మదిస్తుంది కదా’ అనే భయం చాలామందికి ఉంటుంది. ట్రాన్సాక్షన్‌లో ఖరీదైన ఘట్టం కమిట్. అప్పుడే డేటాబేస్ తన ముందస్తు లాగ్‌ను (మార్పులను ముందుగా రాసుకునే తన సొంత ఫైలును, మీ లాగ్ టేబుల్ కాదు) డిస్కు మీదికి నెట్టి, అది చేరిందని నిర్ధారించుకుంటుంది. స్థితి మార్చడానికి ఆ ఖర్చు ఎలాగూ పెడుతున్నారు. చిన్న ఇన్సర్ట్ ఒకటి అందులో చేరితే అదే ప్రయాణంలో అదీ వెళ్లిపోతుంది. వేరే ట్రాన్సాక్షన్‌గా రాస్తేనే రెండో కమిట్ ఖర్చు మీద పడుతుంది.

ఇక ఇద్దరు అధికారులు ఒకే దరఖాస్తును ఒకే సమయంలో తెరిచి, ఒకరు ఆమోదం, ఇంకొకరు తిరస్కరణ నొక్కిన సందర్భాన్ని దగ్గరగా చూద్దాం. దరఖాస్తు రికార్డులో ‘వెర్షన్’ అనే అంకె ఒకటి ఉండాలి. ఇద్దరి తెరల మీదా అది 5. మొదటి ట్రాన్సాక్షన్ ‘ఈ దరఖాస్తు వెర్షన్ 5 అయితేనే స్థితిని ఆమోదంగా, వెర్షన్‌ను 6గా మార్చు’ అని అప్‌డేట్ ఇస్తుంది. మారిన రికార్డుల సంఖ్య 1 అని జవాబు వస్తుంది. అదే ట్రాన్సాక్షన్‌లో ఆ దరఖాస్తుకు వరుస సంఖ్య 6గా లాగ్ పద్దు పడుతుంది, కమిట్ అవుతుంది. రెండో ట్రాన్సాక్షన్ కూడా అదే షరతుతో అప్‌డేట్ ఇస్తుంది. మొదటిది ముగిసే దాకా ఆగి, తర్వాత చూసుకుంటే వెర్షన్ 6 అయిపోయింది, కాబట్టి మారిన రికార్డులు 0. ఆ సున్నాను మీ కోడ్ తప్పకుండా చూడాలి. చూసి, రోల్‌బ్యాక్ చేసి, ‘ఈ దరఖాస్తుపై ఇప్పటికే నిర్ణయం జరిగింది’ అని ఆ అధికారికి చెప్పాలి. చాలా కోడ్‌లలో ఆ సున్నాను ఎవరూ పట్టించుకోరు. అప్‌డేట్‌లో లోపం రాలేదు కాబట్టి విజయమే అనుకుని లాగ్‌లో తిరస్కరణ రాసేస్తారు. ‘లాగ్ ఒకటి చెబుతుంది, స్థితి ఇంకొకటి చెబుతుంది’ అన్న మీ రెండో లక్షణానికి ఇదీ కారణం కావచ్చు.

దరఖాస్తు సంఖ్య, వరుస సంఖ్య జంటకు యునీక్ నిబంధన (అదే జంట రెండోసారి పడనివ్వని నియమం) కూడా పెట్టండి. కోడ్‌లో ఎవరైనా వెర్షన్ పరీక్ష మరచిపోయినా డేటాబేస్ ఆపుతుంది. బటన్ రెండుసార్లు నొక్కినప్పుడు, క్యూ నుంచి అదే సందేశం రెండోసారి వచ్చినప్పుడు కాపాడేందుకు, వచ్చే ప్రతి రిక్వెస్ట్‌కూ ఒక ప్రత్యేక గుర్తు ఇచ్చి దాన్నీ పద్దులో ఉంచి, దాని మీదా యునీక్ పెట్టడం మంచిది.

మెయిళ్లు, ఇతర వ్యవస్థలకు వెళ్లే కబుర్ల సంగతి వేరు. వాటిని ట్రాన్సాక్షన్ మధ్యలో పంపవద్దు. మెయిలు వెళ్లాక రోల్‌బ్యాక్ అయితే దాన్ని వెనక్కి పిలవలేం. ‘పంపవలసినవి’ అనే టేబుల్‌లో అదే ట్రాన్సాక్షన్‌లో ఒక రికార్డు వేయండి. వెనక నడిచే ప్రోగ్రాం దాన్ని చూసి పంపి, పంపినట్టు గుర్తు పెడుతుంది. దీన్ని ఔట్‌బాక్స్ పద్ధతి అంటారు. మీరు తలపెట్టిన క్యూ పనికొచ్చే చోటు ఇది. పంపాక గుర్తు పెట్టేలోపు ఆ ప్రోగ్రాం ఆగిపోతే అదే కబురు మళ్లీ వెళ్తుంది కాబట్టి, అందుకునే వైపు రెండోసారి వచ్చినదాన్ని గుర్తుపట్టగలగాలి.

విఫలమైన ప్రయత్నాలు కూడా రాయాలా? అధికారం లేని వ్యక్తి ఆమోదించబోతే అది తప్పకుండా రాయవలసిన సంఘటనే. కానీ ప్రధాన ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయితే అందులో రాసిన పద్దూ పోతుంది. ఒరాకిల్ డేటాబేస్‌లో దీనికి అటానమస్ ట్రాన్సాక్షన్ ఉంది, ప్రధాన ట్రాన్సాక్షన్‌తో సంబంధం లేకుండా అది విడిగా కమిట్ అవుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అలాంటిది నేరుగా లేదు కాబట్టి కొందరు మొదటి కనెక్షన్‌ను పట్టుకునే ఉండి రెండోది తెరుస్తారు. రద్దీ పెరిగినప్పుడు కనెక్షన్లన్నీ మొదటి పనుల చేతిలోనే ఉండి, ప్రతి ఒక్కరూ రెండోదాని కోసం ఎదురుచూస్తూ అప్లికేషన్ మొత్తం బిగుసుకుపోతుంది. ఇది నేను కళ్లారా చూశాను. లోడ్ పరీక్షలో కనబడలేదు, నెలాఖరు రద్దీలో కనబడింది. ముందు రోల్‌బ్యాక్ పూర్తిచేసి, తర్వాత అదే కనెక్షన్ మీద కొత్త ట్రాన్సాక్షన్ తెరిచి ‘ప్రయత్నం తిరస్కరించబడింది’ అని రాయడమే సురక్షితం. ఆ పద్దుకు స్థితి మార్పు ఉండదు, వెర్షన్ పెరగదు. అందుకే అలాంటి వాటిని విడి టేబుల్‌లో పెట్టడం నాకు నచ్చుతుంది.

పద్దులో ఏముండాలి? ‘ఫలానా వారు దరఖాస్తును ఆమోదించారు’ అని పూర్తి వాక్యం రాసి దాచవద్దు. రేపు వాక్యం మారుతుంది, భాష మారుతుంది, అందులోంచి ఏదీ లెక్కపెట్టలేరు. సంఘటన రకానికి ఒక కోడ్, ఏ స్థితి నుంచి, ఏ స్థితికి, ఎవరు, ఎప్పుడు, ఏ అంచెలో, వారు రాసిన వ్యాఖ్య: ఇవి విడివిడి కాలమ్‌లుగా ఉండాలి. సంఘటనను బట్టి మారే మిగతా వివరాలు, ఉదాహరణకు పాత మొత్తం, కొత్త మొత్తం, ఒక జేసన్ కాలమ్‌లో (పేరు, విలువ జంటలుగా రాసుకునే కాలమ్‌లో) పెట్టవచ్చు. కానీ వెతకవలసిన దేన్నీ అందులో పూడ్చిపెట్టవద్దు. వాక్యాన్ని తెర మీద చూపేటప్పుడు తయారుచేసుకోండి.

‘ఎవరు’ అనే కాలమ్ ఒక్కటి చాలదు. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక వ్యవస్థలో, ఒక పెద్ద కొనుగోలును విభాగాధిపతి ఆమోదించినట్టు లాగ్ చూపింది. ఆయన ఆ వారమంతా సెలవులో ఉన్నారు, తానసలు చూడలేదని అన్నారు. ఆయన చెప్పింది నిజం. సెలవులో తన అధికారాన్ని ఇంకొకరికి అప్పగించారు, ఆ ఇంకొకరు ఆమోదించారు. మా ప్రోగ్రాం ‘ఎవరి అధికారంతో’ అన్నది రాసింది, ‘ఎవరి చేత్తో’ అన్నది రాయలేదు. సమాచారం డేటాబేస్‌లో ఎక్కడా లేదు. వెబ్ సర్వర్ లాగ్‌లు తవ్వి, రెండు రోజుల తర్వాత నిరూపించగలిగాం. ఆ రెండు రోజులూ ఒక నిజాయితీపరుడు సంజాయిషీ చెప్పుకుంటూ తిరిగాడు. అప్పటినుంచి నేను రూపొందించిన ప్రతి లాగ్ టేబుల్‌లో ఈ రెండూ వేరు కాలమ్‌లు. ప్రోగ్రాం తనంతట తాను చేసిన పనులకు, అంటే గడువు దాటి పై అంచెకు వెళ్లడం వంటివాటికి, దానికంటూ ఒక ఖాతా ఉండాలి. ఖాళీగా వదిలితే, అది యంత్రం చేసిందో, రాయడం మరచిపోయామో తెలియదు.

ఆ వ్యక్తి హోదాను కూడా ఆ క్షణంలో ఉన్నట్టుగా పద్దులోకి నకలు తీసుకోండి. వినియోగదారుల టేబుల్ నుంచి తర్వాత తెచ్చుకుంటే, పదోన్నతి పొందిన మనిషి మూడేళ్ల కిందటే ఆ హోదాలో సంతకం చేసినట్టు కనబడుతుంది. అలాగే ఏ వర్క్‌ఫ్లో వెర్షన్ నియమాల కింద ఈ అడుగు పడిందో కూడా. నియమాలు మారతాయి, మూడంచెలే ఉన్న రోజుల్లో పడిన ఆమోదం, నాలుగంచెలు వచ్చాక అంచె తప్పించినట్టు కనబడకూడదు. ఫారిన్ కీలలో (ఒక టేబుల్ రికార్డును ఇంకో టేబుల్‌తో ముడివేసే నిబంధనల్లో) కాస్కేడ్ డిలీట్ ఎక్కడైనా ఉందేమో ఇవాళే చూడండి. ఒక పాత ఉద్యోగి ఖాతాను తొలగిస్తే అతని పద్దులన్నీ చప్పుడు లేకుండా మాయమయ్యే అమరిక అది. ఖాతాలను తొలగించకుండా నిలిపివేయడమే దారి.

సమయాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) దాచండి, చూపేటప్పుడు స్థానిక సమయానికి మార్చండి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడుతుంటే రెండు జాగ్రత్తలు. అందులో టైమ్‌స్టాంప్ రకం 2038 జనవరి 19 దాటి పట్టదు. డేట్‌టైమ్ రకం మీరు అడగకపోతే సెకన్ల దగ్గరే ఆగిపోతుంది, మైక్రోసెకన్లు కావాలంటే 6 అని చెప్పాలి. పోస్ట్‌గ్రెస్‌లో నౌ ఫంక్షన్ ట్రాన్సాక్షన్ మొదలైన సమయాన్ని ఇస్తుంది, ఆ పద్దు రాసిన క్షణాన్ని కాదు. ఒకే ట్రాన్సాక్షన్‌లో మూడు పద్దులు రాస్తే మూడింటికీ ఒకే సమయం పడుతుంది. సమయాన్ని బట్టి వరుస పెట్టే చరిత్ర పేజీలో అప్పుడు ‘ముగిసింది’ పైన, ‘ఆమోదం’ కింద వచ్చే అవకాశం ఉంది. వరుస కోసం ఎప్పుడూ దరఖాస్తులోని వరుస సంఖ్యనే వాడండి. సమయం చూపడానికి, కొలవడానికి మాత్రమే. నెట్ లేనిచోట ఫోనులో చేసిన పని తర్వాత వచ్చి చేరేట్టయితే, జరిగిన సమయం, నమోదైన సమయం రెండూ కావాలి.

టేబుల్ మొత్తానికి తనంతట తాను పెరిగే ఐడీ మీద కూడా అతిగా ఆధారపడవద్దు. రోల్‌బ్యాక్ అయిన ట్రాన్సాక్షన్ తీసుకున్న అంకె తిరిగి రాదు కాబట్టి మధ్యలో ఖాళీలు సహజం. ఖాళీ ఉందంటే ఎవరో తొలగించారని కాదు. ఇంతకంటే సూక్ష్మమైన ఉచ్చు ఇంకొకటి ఉంది. నివేదికల ప్రోగ్రాం ‘నేను చివరగా చదివిన ఐడీ కంటే పెద్దవి ఇవ్వు’ అని అడుగుతూ ఉంటుందనుకోండి. ఒక ట్రాన్సాక్షన్ 101 తీసుకుంది, ఇంకొకటి 102 తీసుకుంది. 102 ముందు కమిట్ అయింది. నివేదికల ప్రోగ్రాం 102 చదివి, అదే గుర్తు పెట్టుకుంది. తర్వాత 101 కమిట్ అయింది. దాన్ని ఇక ఎవరూ చదవరు. పద్దు టేబుల్‌లో భద్రంగా ఉంది, నివేదికలో మాత్రం ఎప్పటికీ లేదు. ఐడీ ఇచ్చిన వరుస, కమిట్ అయిన వరుస ఒకటి కాదన్న సంగతి పెద్ద అనుభవం ఉన్నవారికీ తట్టదు. ఔట్‌బాక్స్‌లోలాగా ప్రతి పద్దుకూ ‘చదివాం’ అనే గుర్తును విడి టేబుల్‌లో ఉంచడం దీనికి సరళమైన విరుగుడు. లేదంటే పోస్ట్‌గ్రెస్‌లో లాజికల్ రెప్లికేషన్ (డేటాబేస్ మార్పులను ప్రవాహంగా బయటికి ఇచ్చే సదుపాయం) ద్వారా చదవవచ్చు, అది కమిట్ వరుసలోనే ఇస్తుంది.

లాగ్‌ను ట్రిగ్గర్లతో (టేబుల్ మారగానే డేటాబేస్ తనంతట తాను నడిపే కోడ్‌తో) రాయించాలా, అప్లికేషన్ రాయాలా? అప్లికేషన్ రాయాలి. ట్రిగ్గర్‌కు ఏ కాలమ్ మారిందో తెలుస్తుంది కానీ ఎందుకు మారిందో తెలియదు. పైగా అప్లికేషన్ మొత్తం ఒకే డేటాబేస్ ఖాతాతో కలుస్తుంది కాబట్టి ఎవరు మార్చారో కూడా మనం అందిస్తే తప్ప తెలియదు. కానీ ఎవరైనా నేరుగా డేటాబేస్‌లోకి వెళ్లి స్థితి మారిస్తే పట్టుకునే వలగా ట్రిగ్గర్ ఉపయోగపడుతుంది. అప్లికేషన్ ఖాతాకు లాగ్ టేబుల్ మీద ఇన్సర్ట్, సెలెక్ట్ హక్కులే ఇవ్వండి. అప్‌డేట్, డిలీట్, ట్రంకేట్ (టేబుల్ మొత్తం ఖాళీ చేయడం) వద్దు. టేబుల్ యజమాని ఖాతాతో అప్లికేషన్ నడుపుతుంటే ఈ కట్టుబాటు ఉత్తదే, ముందు ఆ ఖాతాను మార్చాలి.

ఇప్పుడు 4 కోట్ల సంగతి. సరైన ఇండెక్స్ (రికార్డును నేరుగా చేరే సూచిక) ఉంటే ఒక దరఖాస్తు చరిత్ర తీయడానికి అది పెద్ద సంఖ్య కాదు. దరఖాస్తు సంఖ్య, వరుస సంఖ్య మీది యునీక్ ఇండెక్సే ఆ పేజీకి చాలు. ఇరవై ముప్ఫై రికార్డులు నేరుగా దొరుకుతాయి. మీ పేజీ తెరుచుకోవడం లేదంటే, సందేశం వాక్యంలో దరఖాస్తు సంఖ్యను వెతుకుతూ ఉండాలి, లేదా పేజీల లెక్క కోసం మొత్తం రికార్డులను లెక్కపెడుతూ ఉండాలి. డేటాబేస్ ఆ వెతుకులాటను ఎలా చేస్తోందో చూపే ఎక్స్‌ప్లెయిన్ ఆదేశం నడిపి చూస్తే నిమిషంలో తేలుతుంది. మెయిల్ సర్వర్ సందేశాలు, పేజీ తెరిచిన సంగతులు ఈ టేబుల్‌లో ఉండకూడదు. అవి ప్రోగ్రామర్ కోసం. కొన్ని వారాలు ఉంచి పారేసేవి. ఆమోదం పద్దు సంస్థ కోసం. ఏళ్ల తరబడి ఉండవలసినది. రెండింటి ఆయుష్షు వేరు, చదివే మనుషులు వేరు. వాటిని ఫైలు లాగ్‌లోకి మార్చండి, టేబుల్ ఎంతో తేలికవుతుంది.

నెలవారీ పార్టిషన్లు, అంటే టేబుల్‌ను నెలకొక ముక్కగా విడదీయడం, చేయమని ఎవరైనా చెబుతారు. పాత నెలలను ఒక్క దెబ్బలో విడదీయడానికి అవి బాగుంటాయి, కోటి రికార్డులు డిలీట్ చేయడం కంటే ఎంతో నయం. అయితే పోస్ట్‌గ్రెస్‌లో పార్టిషన్ టేబుల్ మీద పెట్టే యునీక్ నిబంధనలో పార్టిషన్ కాలమ్ కూడా ఉండి తీరాలి. తేదీ చేరితే దరఖాస్తు సంఖ్య, వరుస సంఖ్య జంటకు మీరు పెట్టుకున్న రక్షణ నీరుగారుతుంది. తేదీ మారగానే అదే జంట మళ్లీ పడగలదు. అప్పుడు భారమంతా వెర్షన్ పరీక్ష మీదే. మీ పరిమాణానికి పార్టిషన్లు ఇంకా అవసరం లేదని నా అభిప్రాయం.

ఇంకో మాట. ‘ఆమోదం’, ‘తిరస్కరణ’ మాత్రమే రాస్తున్నారు మీరు. దరఖాస్తు ఒకరికి అప్పగించిన క్షణాన్ని, వారు దాన్ని తెరిచి పని మొదలుపెట్టిన క్షణాన్ని కూడా రాయండి. లేకపోతే దరఖాస్తు ఒక అంచెలో ఆరు రోజులు ఉందని తెలుస్తుంది కానీ, అందులో ఐదున్నర రోజులు వరుసలో వేచి ఉందో, లేక అధికారి నిజంగా ఆరు రోజులు పరిశీలించారో తెలియదు. ఈ తేడా తెలియని నివేదికతో మనుషులను తప్పుపట్టడం అన్యాయం. 2016లో ఐఈఈఈ ప్రమాణంగా వచ్చిన ఎక్స్‌ఈఎస్ అనే సంఘటన లాగ్ నమూనాలో కూడా అప్పగింత, మొదలు, ముగింపు వేర్వేరు దశలుగానే ఉన్నాయి. మున్ముందు ప్రాసెస్ మైనింగ్ పరికరాలు (లాగ్‌ను చదివి పని నిజంగా ఎలా నడిచిందో చూపేవి) వాడాలనుకుంటే దరఖాస్తు గుర్తు, పని పేరు, సమయం అనే మూడు కాలమ్‌లు శుభ్రంగా ఉంటే చాలు, మార్పిడి తేలిక.

కముండా 7 వంటి వర్క్‌ఫ్లో ఇంజిన్ (అంచెలను నడిపే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్) వాడుతుంటే దాని చరిత్ర టేబుళ్లు ఉంటాయి కదా అనుకోవచ్చు. అవి ఉపయోగమే. కానీ వాటిలో ఎంత పడుతుందన్నది చరిత్ర స్థాయి అమరిక మీద, ఎంతకాలం ఉంటుందన్నది శుభ్రపరిచే అమరిక మీద ఆధారపడుతుంది. సంస్థకు కావలసిన చిట్టాను మీ సొంత టేబుల్‌లోనే ఉంచుకోండి.

మార్పు మొదలుపెట్టేటప్పుడు పాత టేబుల్‌ను సవరించవద్దు. కొత్త టేబుల్ తెరిచి, పాత పద్దులను ‘పాత వ్యవస్థ నుంచి’ అనే గుర్తుతో తెచ్చుకోండి. తప్పిపోయిన ఆమోదాలను ఊహించి పూరించవద్దు. దరఖాస్తు స్థితికి ఆధారం దొరకనిచోట ‘మార్పిడి నాటికి ఈ స్థితిలో ఉంది’ అని ఒకే పద్దు, మార్పిడి తేదీతో వేయండి.

ఆ తర్వాత ప్రతి రాత్రీ రెండు క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) నడపండి. మొదటిది: ప్రతి దరఖాస్తుకూ స్థితి మార్చిన చివరి పద్దులోని ‘ఏ స్థితికి’, దరఖాస్తు టేబుల్‌లోని ప్రస్తుత స్థితి ఒకటేనా? రెండోది: ముందు రికార్డు విలువను తెచ్చిచ్చే ల్యాగ్ విండో ఫంక్షన్‌తో, ప్రతి పద్దులోని ‘ఏ స్థితి నుంచి’, దాని ముందు పద్దులోని ‘ఏ స్థితికి’ కలుస్తున్నాయా? కలవని ప్రతి దరఖాస్తూ లాగ్‌ను తప్పించుకుని స్థితి మారుస్తున్న ఒక కోడ్ దారిని చూపిస్తుంది. మొదటి వారం చాలానే రావచ్చు, భయపడకండి. ఒక్కొక్కటీ మూసుకుంటూ వెళ్లండి. రెండు క్వెరీలూ ఖాళీగా వచ్చే రాత్రి వరకు పాత లాగ్ కోడ్‌ను తీసేయవద్దు.